యార్డు ముందా, డిజైన్ ముందా: పీ-17ఏ ఫ్రిగేట్లు, గస్తీ నౌకల ఒప్పందాలపై కేస్ స్టడీ

2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి అనే రెండు ఫ్రిగేట్లు (అనేక రకాల పనులకు వాడే యుద్ధనౌకలు) విశాఖపట్నంలో ఒకే రోజున భారత నౌకాదళంలో చేరాయి. రెండూ పీ-17ఏ తరగతి నౌకలే, రెండింటి మూల డిజైనూ ఒక్కటే. ఉదయగిరిని ముంబైలోని మజగావ్ డాక్, హిమగిరిని కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ యార్డు నిర్మించాయి. వేర్వేరు యార్డుల్లో తయారైన రెండు పెద్ద యుద్ధనౌకలు మన దళంలో ఒకేసారి చేరడం అదే మొదటిసారి. యుద్ధనౌకల నిర్మాణ ప్రణాళికలోనూ తనిఖీలోనూ పనిచేసినవాడిగా నన్ను ఈ జంట వైపు లాగినవి వాటి తేదీలు. హిమగిరి 2020 డిసెంబరు 14న జలప్రవేశం చేసింది. ఉదయగిరి ఆ తర్వాత పదిహేడు నెలలకు, 2022 మే 17న నీటిలోకి దిగింది. అయినా ఉదయగిరిని 2025 జులై 1న నౌకాదళానికి అప్పగించారు, హిమగిరిని అదే నెల 31న అప్పగించారు.

వెనక నీటిలోకి దిగిన నౌక ముందుగా చేతికి అందింది. దీన్ని చూసి ముంబై యార్డు మెరుగు, కోల్‌కతా యార్డు తరుగు అని తేల్చేస్తే అసలు విషయం చేయి జారిపోతుంది. యార్డు ఎంపిక, డిజైన్ ఎంపిక ఫైళ్లలో రెండు వేర్వేరు నిర్ణయాలుగా నడుస్తాయి. నిర్మాణం మొదలయ్యాక అవి ఒకే నిర్ణయమని తెలుస్తుంది. ఒక డిజైన్ ఒక యార్డులో ఉత్పత్తి డ్రాయింగులుగా ఎంతవరకు మారింది, ఆ డ్రాయింగులు ఎవరి చేతిలో ఉన్నాయి, వాటిని ఉక్కుగా మలచడానికి అవసరమైన మనుషులూ డబ్బూ ఆ యార్డు దగ్గర ఉన్నాయా అన్నవి తేల్చుకోకుండా ధరలు పోల్చడంలో అర్థం లేదు. పీ-17ఏ ఫ్రిగేట్లను, గత పదిహేనేళ్లలో మన దేశం ఇచ్చిన గస్తీ నౌకల ఆర్డర్లను పక్కపక్కన పెట్టి ఈ మాటను పరిశీలిస్తాను.

శివాలిక్ తరగతి మిగిల్చిన పునాది

పీ-17ఏ కథ దాని ముందు తరమైన శివాలిక్ తరగతితో మొదలవుతుంది. ఆ మూడు ఫ్రిగేట్లనూ నౌకాదళపు సొంత డిజైన్ విభాగమే రూపొందించింది, మూడింటినీ మజగావ్ డాకే కట్టింది. మొదటి నౌకకు 2001లో కీల్ (అడుగు దూలం) వేశారు. అది దళంలో చేరేసరికి 2010 ఏప్రిల్ వచ్చింది. ఇంత ఆలస్యానికి కారణాలు చాలానే ఉన్నా ఎంపిక చేసేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఉక్కు సంగతి. యుద్ధనౌకల హల్‌కు, అంటే నౌక దేహానికి, వాడే ప్రత్యేక ఉక్కును అప్పటిదాకా రష్యా నుంచి తెచ్చుకునేవాళ్లం. ఆ సరఫరా చిక్కుల్లో పడినప్పుడు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, అంటే డీఎంఆర్‌ఎల్, డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును అభివృద్ధి చేసింది; స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది. విమానవాహక నౌక విక్రాంత్‌లోనూ, పీ-17ఏ నౌకల్లోనూ వాడింది ఈ కుటుంబపు ఉక్కే. కంచన్‌బాగ్ ప్రయోగశాలలో జరిగిన ఆ పని లేకపోతే తర్వాతి తరం ఫ్రిగేట్లను ఒకేసారి రెండు యార్డుల్లో కట్టాలన్న ఆలోచన కాగితం దాటేది కాదని నా నమ్మకం. డిజైన్‌ను అంచనా వేసేటప్పుడు వేగం, ఆయుధాలు, రాడార్‌లను ఎంత శ్రద్ధగా చూస్తామో, దానికి కావలసిన ప్లేటూ వెల్డింగ్ తీగా ఎక్కడి నుంచి వస్తాయన్నదీ అంత శ్రద్ధగానే చూడాలి.

రష్యాలో కట్టించిన తుశిల్, తమాల్ ఫ్రిగేట్ల అనుభవం కూడా ఇదే చెబుతుంది. కలినిన్‌గ్రాద్‌లోని యాంతర్ యార్డులో ఆ హల్‌లు రష్యా నౌకాదళం కోసం మొదలయ్యాయి. వాటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్ నుంచి రావలసినవి కావడంతో 2014 తర్వాత పని ఆగిపోయింది. భారత్ 2018లో ఒప్పందం చేసుకుని, టర్బైన్లను తానే ఉక్రెయిన్ నుంచి కొని ఇప్పించింది. తుశిల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో దళంలో చేరాయి. యార్డుకూ డిజైన్‌కూ వంక పెట్టడానికి లేదు. నౌకను ఆపింది ఇంజిన్ సరఫరా.

2015 నాటి పంపకం

ఏడు పీ-17ఏ ఫ్రిగేట్ల ఒప్పందం 2015 ఫిబ్రవరిలో కుదిరింది. నాలుగు మజగావ్ డాక్‌కు, మూడు గార్డెన్ రీచ్‌కు దక్కాయి. నీలగిరి, ఉదయగిరి, తారాగిరి, మహేంద్రగిరి ముంబైవి; హిమగిరి, దూనగిరి, వింధ్యగిరి కోల్‌కతావి. పోటీ టెండర్ లేకుండా, నామినేషన్ పద్ధతిలోనే యార్డులను నిర్ణయించారు. డిజైన్ నౌకాదళపు యుద్ధనౌకల డిజైన్ బ్యూరోది. దాదాపు 6,670 టన్నుల స్థానభ్రంశం, 149 మీటర్ల పొడవు, రెండు డీజిల్ ఇంజిన్లూ రెండు ఎల్‌ఎం 2500 గ్యాస్ టర్బైన్లూ కలిసిన చోదక వ్యవస్థ, ఎనిమిది బ్రహ్మోస్ క్షిపణులు, నిలువు గొట్టాల్లో 32 బరాక్ క్షిపణులు దీనిలోని ముఖ్యాంశాలు. బ్లాకులుగా కట్టి, ఆ బ్లాకుల్లోనే పైపులూ కేబుళ్లూ ముందుగా అమర్చే సమీకృత నిర్మాణ పద్ధతి కోసం ఇటలీకి చెందిన ఫిన్‌కాంతియేరి సాంకేతిక సలహా తీసుకున్నారు.

నామినేషన్ పద్ధతిని విమర్శించేవాళ్లు పోటీ లేనిచోట ధర మీద అదుపు ఉండదంటారు. అది నిజమే. అయితే ఫ్రిగేట్ విషయంలో నేను ఈ పద్ధతినే సమర్థిస్తాను. ఆయుధాలు, సెన్సర్లు, ప్రధాన ఇంజిన్ల వంటి భారీ ఖర్చులను నౌకాదళమే నిర్ణయిస్తుంది. వాటి మీద యార్డు తగ్గించగలిగేది తక్కువ. యార్డు చేతిలో నిజంగా ఉండేవి పని గంటలు, తిరిగి చేయవలసి వచ్చే పని, ఆలస్యం. ఈ మూడూ తగ్గాలంటే డిజైన్ ఇంకా పచ్చిగా ఉన్న దశలోనే యార్డు మనుషులు డిజైన్ బ్యూరోతో కూర్చోవాలి. ఎవరు గెలుస్తారో తెలియని టెండర్ కాలంలో ఆ కూర్చోవడం కుదరదు.

రెండు యార్డులకు పంచడం మాత్రం చూసినంత తేలిక కాదు. ఇలాంటి ప్రాజెక్టులో ఒకటి ప్రధాన యార్డు, రెండోది అనుసరించే యార్డు అవుతాయి. ప్రధాన యార్డు తయారుచేసిన వివర డ్రాయింగులను రెండోది తన క్రేన్ మోయగలిగే బరువుకు, తన బెర్తు కొలతకు తగినట్టు మళ్లీ బ్లాకులుగా విభజించుకోవాలి. ముంబై యార్డు అరేబియా సముద్రం ఒడ్డున ఉంది. కోల్‌కతా యార్డు హుగ్లీ ఒడ్డున ఉంది. అక్కడి నుంచి బంగాళాఖాతం చేరాలంటే ఆటుపోట్ల వేళలు చూసుకుంటూ వంద కిలోమీటర్లకు పైగా నదిలో వెళ్లాలి. సీ ట్రయల్స్ (సముద్రంలో జరిపే పరీక్షలు) ప్రణాళిక వేసేవాడికి ఇది చిన్న విషయం కాదు. ఒక పంపులో లోపం దొరికితే ముంబైలో మర్నాడు మళ్లీ బయలుదేరవచ్చు, హుగ్లీలో అనుకూలమైన పోటు కోసం ఎదురుచూడవలసి రావచ్చు.

జలప్రవేశం తేదీని ఎలా చదవాలి

మొదట చెప్పిన తేదీలకు మరొకటి కలుపుదాం. ఈ తరగతిలో మొదటిదైన నీలగిరి 2019 సెప్టెంబరు 28న జలప్రవేశం చేసి 2024 డిసెంబరు 20న నౌకాదళం చేతికి వచ్చింది. జలప్రవేశం నుంచి అప్పగింత దాకా నీలగిరికి పట్టింది దాదాపు 63 నెలలు, హిమగిరికి 55 నెలలకు పైగా, ఉదయగిరికి 37 నెలలకు పైగా. ఈ మూడు అంకెల్లో నాకు కనిపించేది రెండు యార్డుల మధ్య పోటీ కాదు. ఏ యార్డులోనైనా మొదటి నౌకకూ రెండో నౌకకూ ఉండే దూరం కనిపిస్తుంది. నీలగిరి ముంబైకి మొదటిది, హిమగిరి కోల్‌కతాకు మొదటిది. పైగా గ్యాస్ టర్బైన్‌తో నడిచే నౌకను గార్డెన్ రీచ్ కట్టడం అదే తొలిసారి. ఉదయగిరి నాటికి ముంబైలో డ్రాయింగులు స్థిరపడ్డాయి, పనివాళ్లు ఒకసారి ఆ దారిలో నడిచి ఉన్నారు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ రెండు యార్డులనూ దెబ్బతీసిందన్నదీ లెక్కలో ఉంచుకోవాలి. మొత్తం నిర్మాణ కాలాన్ని చూసినా ఇదే తేలుతుంది: నీలగిరికి 93 నెలలు పడితే, 2025 నవంబరులో అప్పగించిన తారాగిరికి 81 నెలలే పట్టాయి.

యార్డు పని తీరును జలప్రవేశం తేదీతో కొలవవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. ఖాళీ హల్‌ను త్వరగా నీటిలోకి దించడం ఎప్పుడైనా సాధ్యమే. పూలూ కొబ్బరికాయా ఫొటోలూ అయిపోయాక ఆ హల్‌లోకి కేబుళ్లు లాగడం, పైపులు వంచి బిగించడం ఇరుకు గదుల్లో జరుగుతుంది. వర్క్‌షాపులో బ్లాకు తలకిందులుగా ఉన్నప్పుడు సులువుగా అయ్యే వెల్డింగే నౌకలో తల పైకెత్తి చేయవలసి వస్తుంది, అందుకు పట్టే సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. యార్డును అంచనా వేసే బృందం అడగవలసిన ప్రశ్న ఇది: జలప్రవేశం రోజున ఎంత శాతం పైపింగ్, ఎంత శాతం కేబుల్ పూర్తయి ఉంటాయి? ఒప్పందంలో చెల్లింపు దశలను కూడా దీనితోనే ముడిపెట్టాలి. కీల్ వేస్తే ఇంత, నీటిలోకి దించితే ఇంత అని రాసుకుంటే యార్డు ఆ వేడుకల కోసమే పరుగెత్తుతుంది. అది యార్డు తప్పు కాదు, ఒప్పందం రాసినవాళ్లది.

డిజైన్ స్థిరపడకుండా ఉక్కు కోస్తే ఏమవుతుందో అమెరికా కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్లు చూపించాయి. 2020 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లోని మారినెట్ యార్డుకు ఆ ఒప్పందం ఇచ్చినప్పుడు, ఐరోపా నౌకాదళాల్లో ఇప్పటికే నడుస్తున్న ఫ్రెమ్ ఫ్రిగేట్ డిజైన్‌ను తీసుకుంటున్నాం కనుక ప్రమాదం తక్కువన్నది వాదన. తర్వాత అమెరికా నౌకాదళపు ప్రమాణాల కోసం మార్పుల మీద మార్పులు చేశారు. 2022 ఆగస్టులో నిర్మాణం మొదలయ్యేనాటికి డిజైన్ పూర్తి కాలేదు. మాతృ డిజైన్‌తో 85 శాతం దాకా ఉంటుందనుకున్న పోలిక 15 శాతం కంటే కిందికి పడిపోయిందని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2024లో రాసింది. బరువు పెరిగింది, మొదటి నౌక మూడేళ్లు వెనకబడింది. చివరికి 2025 నవంబరులో మొదటి రెండు నౌకలతో ఆపాలని నిర్ణయించారు. ఇక్కడ యార్డూ అనుభవమున్నదే, మాతృ డిజైనూ పరీక్షకు నిలిచినదే. ఆ రెండింటి మధ్య నిలవవలసిన క్రమశిక్షణ, అంటే ఒక తేదీ తర్వాత మార్పులకు తలుపు మూసేసే పద్ధతి లేకపోయింది. మనవాళ్లు పీ-17ఏని శివాలిక్ అనుభవం మీద, తమ డిజైన్ బ్యూరో చేతుల్లోనే పెంచుకోవడం అందుకే విలువైన నిర్ణయమని భావిస్తాను. మార్పు కావాలనేవాడూ, దాని ఖర్చు తెలిసినవాడూ ఒకే గదిలో ఉంటారు.

గస్తీ నౌకల దగ్గర లెక్క మారుతుంది

గస్తీ నౌక వేరు. డీజిల్ ఇంజిన్లు, ఒక తుపాకీ, హెలికాప్టర్ డెక్, సముద్రంలో ఎక్కువ రోజులు నిలిచే సత్తా దానికి చాలు. ఇలాంటి నౌకను యార్డు తన సొంత డిజైన్‌తో తేవచ్చు, పోటీ టెండర్ సరిపోతుంది. గోవా షిప్‌యార్డు తన డిజైన్‌తోనే 105 మీటర్ల సరయు తరగతి నౌకలు నాలుగింటిని 2013, 2014 సంవత్సరాల్లో నౌకాదళంలో చేర్పించింది. కానీ పోటీ టెండర్‌లో ధరను మాత్రమే నమ్ముకుంటే జరిగే నష్టం కూడా గస్తీ నౌకల్లోనే బయటపడింది.

2011లో ఐదు నౌకాదళ గస్తీ నౌకల ఒప్పందం గుజరాత్‌లోని పిపావావ్ యార్డుకు వెళ్లింది. ఆ యార్డుకు 662 మీటర్ల పొడవు, 65 మీటర్ల వెడల్పున్న డ్రై డాక్ ఉంది. దేశంలో అంతటి సదుపాయం అరుదు. మొదటి రెండు నౌకలు 2017 జులైలో గాని నీటిలోకి దిగలేదు. మధ్యలో యాజమాన్యం మారి అది రిలయన్స్ నేవల్ అయింది, అప్పుల భారం పెరిగింది. నౌకాదళం 2018లో యార్డు హామీగా ఇచ్చిన బ్యాంకు గ్యారంటీలను వసూలు చేసుకుంది, 2020లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది. ఒక్క నౌక కూడా దళంలో చేరలేదు.

ప్రైవేటు యార్డులను నమ్మకూడదని దీన్నుంచి పాఠం తీయడం అన్యాయం. 2015 మార్చిలో కోస్ట్ గార్డ్ ఏడు గస్తీ నౌకల ఒప్పందాన్ని ఎల్ అండ్ టీకి ఇచ్చింది. చెన్నైకి ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి యార్డు మొదటి నౌక విక్రమ్‌ను 2018లో, ఏడోదైన విగ్రహను 2021లో పూర్తిచేసింది. విగ్రహ ఇప్పుడు విశాఖ కేంద్రంగా పనిచేస్తోంది. రెండూ ప్రైవేటు యార్డులే, రెండు ఒప్పందాలూ ఒకే రకం నౌకలకే. తేడా ఎక్కడుందంటే, ఎల్ అండ్ టీ అంతకు ముందే కోస్ట్ గార్డ్ కోసం 54 ఇంటర్‌సెప్టర్ (వేగంగా వెంటాడే) పడవల ఆర్డర్ మీద పనిచేస్తూ, చిన్న నౌకల మీద తన డిజైనర్లనూ పనివాళ్లనూ తీర్చిదిద్దుకుంది. దశలవారీ చెల్లింపులు ఆలస్యమైనా నిలదొక్కుకోగల మాతృసంస్థ వెనక ఉంది. పిపావావ్‌లో డాక్ పెద్దది, కానీ చెల్లింపుగా వచ్చిన రూపాయి ఉక్కుకు చేరేలోపు అప్పులకు పోయే స్థితి వచ్చింది. యార్డు తనిఖీకి వెళ్లే బృందంలో క్రేన్లు చూసే ఇంజినీరు పక్కన బ్యాలెన్స్ షీట్ చదవగలిగినవాడు, మధ్యస్థాయి ఫోర్‌మన్‌లు ఎందరు ఎన్నేళ్లుగా ఉన్నారో లెక్కపెట్టేవాడు తప్పనిసరిగా ఉండాలి. ఈ ముగ్గురి నివేదికా వచ్చాకే ధర కవరు తెరవాలన్నది నా అభిప్రాయం.

విశాఖ యార్డు సంగతి

తెలుగు పాఠకులు సహజంగా అడిగే ప్రశ్న హిందుస్థాన్ షిప్‌యార్డు గురించి. గస్తీ నౌకల్లో దానికి పాత అనుభవం ఉంది. సుకన్య తరగతి నౌకలు ఏడింటిలో మూడింటిని దక్షిణ కొరియాలోని కొరియా టకోమా యార్డు కట్టగా, మిగతా నాలుగూ విశాఖలో తయారయ్యాయి. అందులో ఒకటి 2000లో శ్రీలంక నౌకాదళానికి వెళ్లి సయుర అయింది. మొదటివి డిజైన్ ఇచ్చిన యార్డులోనూ తర్వాతివి మన యార్డులోనూ కట్టే ఆ పద్ధతి, డ్రాయింగులు చేతులు మారడమంటే ఏమిటో విశాఖకు నేర్పింది. దురదృష్టవశాత్తు ఆ నేర్పును వెంటనే ఇంకో వరుస నౌకలతో నిలబెట్టలేదు. యార్డు 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది, 2023 ఆగస్టులో సముద్రంలోనే యుద్ధనౌకలకు ఇంధనం, సామగ్రి అందించే ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల ఒప్పందం పొందింది, డైవింగ్ సపోర్ట్ నౌక నిస్తార్‌ను 2025 జులైలో దళంలో చేర్పించింది. నలభై నాలుగు వేల టన్నుల ఫ్లీట్ సపోర్ట్ నౌక పరిమాణంలో ఫ్రిగేట్‌ను మించినదే, అయినా ఆయుధాలూ సెన్సర్లూ, సోనార్ (నీటి అడుగున శబ్దంతో వెతికే పరికరం) పనిచేయడానికి కావలసిన నిశ్శబ్దతా కలగలిపే పని అందులో తక్కువ. విశాఖకు ఫ్రిగేట్ కావాలని కోరేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ముందుగా ఒక గస్తీ నౌకల వరుసను అనుసరించే యార్డుగా కట్టించి, వరుసగా ఐదారేళ్లు అదే జట్టును అదే పనిలో నిలపడమే ఆ దారి అని అనుకుంటున్నాను. తెగిపోయిన అనుభవాన్ని మళ్లీ సంపాదించడానికి అయ్యే ఖర్చు ఏ టెండర్ పత్రంలోనూ కనిపించదు.

2023 ఒప్పందంలో గమనించవలసినవి

2023 మార్చి 30న రక్షణ శాఖ పదకొండు తర్వాతి తరం గస్తీ నౌకలకు 9,781 కోట్ల రూపాయల ఒప్పందాలు కుదుర్చుకుంది. ఏడు గోవా షిప్‌యార్డుకు, నాలుగు గార్డెన్ రీచ్‌కు వెళ్లాయి. ఇందులో గోవాది ప్రధాన యార్డు, కోల్‌కతాది అనుసరించే యార్డు. అప్పగింతలు 2026 సెప్టెంబరు నుంచి మొదలుకావాలని ఒప్పందంలో రాశారు. పీ-17ఏలో రెండో స్థానంలో ఉన్న యార్డే ఇక్కడా రెండో స్థానంలో ఉంది, కానీ ఈసారి డిజైన్ నౌకాదళపు బ్యూరోది కాక, ఆ నౌకలు కట్టే మరో యార్డుది. ఫ్రిగేట్ విషయంలో రెండు యార్డులకూ మధ్యలో నిలిచి సందేహం తీర్చగల మూడో పక్షం ఉంది. ఇక్కడ ప్రధాన యార్డు ఒక డ్రాయింగును ఆలస్యంగా ఇస్తే, నష్టపోయేది సాటి యార్డు. అదే రేపు మరో టెండర్‌లో దాని ప్రత్యర్థి కూడా.

అందుకని ఈ ప్రాజెక్టు మీద తొలి నివేదిక రాసేవాళ్లు మొదటి నౌక ఎప్పుడు వచ్చిందన్న దానికంటే ముందుగా మూడు రికార్డులు తెరిపించాలి. ప్రధాన యార్డు నుంచి రెండో యార్డుకు ప్రతి డ్రాయింగు చేరిన తేదీ ఒకటి. ఒప్పందం తర్వాత డిజైన్‌లో చేసిన మార్పులు ఎన్ని, అందులో నౌకాదళం అడిగినవి ఎన్ని, యార్డు తన సౌకర్యం కోసం చేసుకున్నవి ఎన్ని అన్నది రెండోది. జలప్రవేశం రోజున ప్రతి నౌకలో పూర్తయిన పైపింగ్, కేబుల్ శాతం మూడోది. ఈ మూడూ దగ్గరపెట్టుకుంటే పదకొండు నౌకల్లో ఏ ఆలస్యం యార్డుది, ఏది డిజైన్‌ది, ఏది కొనుగోలుదారుది అన్నది పేరుపేరునా తేల్చవచ్చు. తర్వాతి ఫ్రిగేట్ల ఆర్డరును రెండు యార్డుల మధ్య ఏ నిష్పత్తిలో పంచాలో నిర్ణయించే బల్ల మీద ధరల పట్టికతో పాటు ఆ రికార్డులు కూడా ఉండాలి.